మూడు గిన్నెల లెక్క
పాఠకుల వంటింటి ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఓవెన్ చికెన్ గురించి ఓ పేరా రాశాను. చికెన్ కడగొద్దని అందులో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యానికి వచ్చిన ఉత్తరాలు సంచీకి సరిపోయాయి. తిట్లు కొన్ని, సందేహాలు ఎక్కువ. అన్నీ వరసగా చదువుతుంటే నాకొకటి తోచింది. ముక్కలు పాలిపోయాయన్నవాళ్లూ, మసాలా మాడి ట్రేకి అట్టకట్టిందన్నవాళ్లూ, గిన్నెలు తోమలేక చచ్చామన్నవాళ్లూ వేర్వేరు గొడవలు చెబుతున్నారు గానీ ముద్దాయి మాత్రం ఒకడే. తడి. ఓవెన్‌లోకి మనం ఎంత తడి పంపిస్తే అంత చాకిరీ తిరిగొస్తుంది. ఇది మనసులో పెట్టుకుని కింది జవాబులు చదవండి.

ప్రశ్న: అక్కా, ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడు దాటుతుంది. ఎనిమిదిన్నరకల్లా పిల్లలకు పెట్టేయాలి. ఓవెన్ కొని ఆరు నెలలైంది, చికెన్ చేసింది రెండే సార్లు. రెండుసార్లూ పదకొండింటి దాకా సింకు దగ్గరే నిలబడ్డాను. అంతా చేస్తే ముక్కలు నీళ్లలో ఉడకేసినట్టున్నాయి. "పొయ్యి మీదే నయం కదా" అంటున్నారు మా ఆయన. నిజమేనా?
(ఇద్దరు పిల్లల తల్లి)

జవాబు: మీ ఆయన మాట సగమే నిజం, చెల్లీ. పొయ్యి మీద పెడితే దింపేదాకా మీరు కాపలా ఉండాలి. ఓవెన్‌కి మీరు ఇవ్వాల్సింది పది నిమిషాలు. మిగతా నలభై నిమిషాలూ దాని పని అది చూసుకుంటుంది. మీకొచ్చిన చిక్కంతా ఆ పది నిమిషాల్లోనే ఉంది.

నేను ముప్ఫై ఏళ్లు జమాఖర్చులు రాసి రిటైరైన మనిషిని. లెక్క వేయందే నాకు ఏదీ బుర్రకెక్కదు. మీ ఉత్తరం రెండో పేజీలోంచే ఏరాను: చికెన్ కడిగిన బేసిన్, నీళ్లు వార్చిన జల్లెడ, మిక్సీ జార్, దాని మూత, ముక్కలు కలిపిన గిన్నె, దానిమీద బోర్లించిన పళ్లెం, గరిటె, నూనె పూసే బ్రష్, జాలీ, ట్రే. మొత్తం పది. నావి మూడే. ట్రే, పట్టకారు, ఓ చిన్న గిన్నె.

ఇంట్లో అడుగుపెట్టగానే, బట్టలు కూడా మార్చుకోకముందే, ఓవెన్ 220 డిగ్రీలకు పెట్టేయండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 200 చాలు. అది వేడెక్కేలోపు మన పని అయిపోవాలి.

చిన్న గిన్నెలో ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు, టీస్పూన్ కారం, అర టీస్పూన్ మిరియాల పొడి, అర టీస్పూన్ ఎండు వెల్లుల్లి పొడి కలిపి పక్కన పెట్టండి. ఇది ఎముక, స్కిన్ ఉన్న కిలో చికెన్‌కి లెక్క. చికెన్ ప్యాకెట్ విప్పకముందే ఈ పని కావాలి. ఎందుకంటారా? పచ్చి మాంసం ముట్టుకున్న చేత్తో ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె సీసా, కుళాయి, ఫ్రిజ్ పిడి అన్నీ ముట్టుకుంటాం. తర్వాత వాటన్నిటినీ తుడవాలి. సింకులో కనబడకుండా మన చేత చాకిరీ చేయించే గిన్నెలవి.

ఇప్పుడు ట్రేలో బేకింగ్ పేపర్ పరవండి. అంచుల మీదికి రెండు వేళ్ల మేర లేచి ఉండాలి. తొడ ముక్కలు ఆరు తీసుకోండి, దాదాపు కిలో తూగుతాయి. ప్యాకెట్ కత్తిరించి తిన్నగా ఆ కాగితం మీదే పడేయండి. వేరే పళ్లెంలోకి వద్దు.

ఇక్కడ రెండు నిమిషాలు ఓపిక పట్టాలి. కిచెన్ టిష్యూ తీసుకుని ముక్క మీద గట్టిగా అదమండి. రుద్దితే స్కిన్ జారిపోతుంది, అందుకని అదమడమే. మొదటి టిష్యూ క్షణంలో తడిసి ముద్దవుతుంది. రెండోది సగం తడుస్తుంది. ముక్క తిప్పి అడుగున, ఎముక పక్కన ఉండే గుంటలో కూడా అదమాలి, నీళ్లు దాక్కునేది అక్కడే. మూడో టిష్యూకి మరక మాత్రమే అంటుతుంది. అప్పుడు వేలితో తాకి చూడండి. ఇందాక సబ్బుబిళ్లలా జారిన స్కిన్ ఇప్పుడు వేలిని కాస్త పట్టుకుంటుంది. అంతే, చాలు. వాడిన టిష్యూలన్నీ ఖాళీ ప్యాకెట్‌లో కుక్కి చెత్తబుట్టలో వేసేయండి.

దీనికింత ఎందుకు సాగదీస్తున్నానంటే, నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ముక్క పైన నీళ్లున్నంతసేపూ ఓవెన్ వేడంతా వాటిని ఆవిరి చేయడానికే పోతుంది, స్కిన్ ఆ వంద దగ్గరే ఆగిపోతుంది. మాంసం ఎర్రబడి ఘుమఘుమలాడే రసాయనిక చర్య జోరందుకునేది 140 డిగ్రీల ప్రాంతంలో. మీ ముక్కలు రెండుసార్లూ ఆ మెట్టు ఎక్కనేలేదు. పేరుకి బేకింగే గానీ జరిగింది ఉడకడం.

తుడిచిన ముక్కల మీద టేబుల్‌స్పూన్ నూనె చుక్కలుగా వేసి, గిన్నెలోని పొడి చల్లి, ట్రేలోనే చేత్తో కలిపేయండి. స్కిన్ ఉన్నవైపు పైకి పెట్టి, ముక్కకీ ముక్కకీ మధ్య వేలు దూరేంత సందు వదలండి. ఇరుక్కుని కూర్చున్న ముక్కలు ఒకదాని ఆవిరిలో ఇంకోటి ఉడుకుతాయి. చేతులు సబ్బుతో కడుక్కుని ట్రేని ఓవెన్ మధ్య అరలో పెట్టేయండి. తిప్పొద్దు, నూనె పూయొద్దు, తలుపు తీసి తొంగి చూడొద్దు.

స్నానం చేసి రండి. పదిహేను నిమిషాల దాకా ఓవెన్ నోరు మెదపదు. ఆ తర్వాత సన్నగా చిటపటలు మొదలవుతాయి, అది మిగిలిన నీరు. పాతిక నిమిషాలు దాటాక ఆ చప్పుడు మారుతుంది. చిటపటలు తగ్గి, మూకుడులో ఏదో వేగుతున్నట్టు ఒకే తీరున సాగుతుంది. స్కిన్ కింది కొవ్వు కరిగి, స్కిన్ దాని కొవ్వులో అదే వేగుతోందన్నమాట. 35 నుంచి 40 నిమిషాలకు తీసేయండి. ఐదు నిమిషాలు ట్రేలోనే వదిలేస్తే రసం మాంసంలో కుదురుకుంటుంది.

తిన్నాక కాగితం చల్లారనిచ్చి, అంచులు పైకెత్తి మూటలా చుట్టి, పాత న్యూస్‌పేపర్‌లో పెట్టి పారేయండి. ఆ కొవ్వు సింకులో మాత్రం పోయొద్దు, గొట్టంలో గడ్డకడుతుంది.

ప్రశ్న: చికెన్ కడగొద్దని పోయిన నెల రాశారు. నలభై ఏళ్లుగా వండుతున్నాను, కడగకుండా ఏనాడూ పొయ్యెక్కించలేదు. మా కోడలు మీ పత్రిక తెచ్చి నా మొహం ముందు పెట్టింది. పెద్దరికంలో ఉండి ఇలాంటివి రాయొచ్చా?
(ఒక అత్తగారు)

జవాబు: అమ్మా, నమస్కారం. ముందుగా మీ ఇంట్లో పెట్టిన చిచ్చుకి క్షమించండి. నేనూ పాతికేళ్లు మీలాగే కడిగాను.

పచ్చి చికెన్ మీద కాంపైలోబాక్టర్, సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంటుంది. విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం తెప్పించేవి అవే. కుళాయి నీళ్లకు అవి పోవు, పైపెచ్చు చెదురుతాయి. ముక్క మీద ధార పడ్డప్పుడు లేచే తుంపరలు సింకు గోడ మీదికీ, గట్టు మీద ఆరబెట్టిన గ్లాసుల మీదికీ, పక్కన తరిగి పెట్టుకున్న కూరగాయల మీదికీ పోతాయి. చికెన్ ఎలాగూ ఉడుకుతుంది, ఆ గ్లాసులు ఉడకవు కదా. అందుకే బ్రిటన్‌లోని ఆహార ప్రమాణాల సంస్థ పచ్చి చికెన్ కడగొద్దని 2014లో పనిగట్టుకుని ప్రచారం చేసింది. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేదీ అదే. ఆ క్రిముల్ని చంపేది వేడి. లోపలి మాంసం 74 డిగ్రీలకు చేరితే వాటి పని సరి.

ప్యాకెట్‌లో ఎర్రగా కనబడేది చాలావరకు నీరూ, కండలోని రంగూ కలిసిన రసం. టిష్యూతో అద్దితే పోతుంది.

కడగందే మనసొప్పదంటే, ధార కింద పెట్టకుండా లోతైన గిన్నెడు నీళ్లలో నెమ్మదిగా ముంచి తీయండి. తర్వాత సింకూ గట్టూ సబ్బుతో తోమండి. అప్పుడు కూడా ఓవెన్‌లో పెట్టేముందు ముక్క ఆరేదాకా తుడవాల్సిందే. కడిగి, మళ్లీ తుడిచి, సింకు తోమి... నేను మానేసింది ఆ రెండు చాకిరీలు పడలేకే, సైన్సు నాకు తర్వాత తెలిసింది. కోడలికి ఈ చివరి వాక్యం చూపించకండి.

ప్రశ్న: బటర్ పేపర్, బేకింగ్ పేపర్, ఫాయిల్. మూడింట్లో ఏది వాడాలి? ఫాయిల్‌కి మెరిసే వైపు పైకా, కిందికా?

జవాబు: బేకింగ్ పేపర్. దానికి సిలికాన్ పూత ఉంటుంది, నూనె రాయకపోయినా అంటుకోదు. ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుందో పెట్టె మీద ముద్రిస్తారు, వాడేముందు ఒకసారి చూసుకోండి. బటర్ పేపర్ పేరుతో రకరకాలు అమ్ముతారు. మైనం పూత ఉన్నది ఓవెన్‌లో పెట్టకూడదు. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. ఓసారి చూసుకోకుండా మైనం కాగితం పరిచాను. పది నిమిషాల్లో ఇల్లంతా ఆరిపోయిన కొవ్వొత్తి వాసన, చికెన్ కిందంతా జిగట. ఆ రాత్రి అందరం బ్రెడ్ తిని పడుకున్నాం.

ఫాయిల్ వాడొచ్చు గానీ పైన నూనె రాయకపోతే స్కిన్ సగం దానికే పోతుంది. నిమ్మరసం, టమాటా లాంటి పులుపు తగిలితే అల్యూమినియం కరిగి రుచి చెడుతుంది. మెరిసే వైపు, మసక వైపు రెండూ ఒకటే. ఫ్యాక్టరీలో చివరిసారి రెండు పొరలు జతచేసి రోలర్ల మధ్య నుంచి తీస్తారు. రోలర్ తగిలిన వైపు మెరుస్తుంది, పొరకి పొర ఆనిన వైపు మసకబారుతుంది. అంతకుమించి విశేషమేమీ లేదు.

చివర్లో గ్రిల్ వేసి స్కిన్ ఎర్రబెట్టే అలవాటుంటే ముందు కాగితం తీసేయాలి. ఎర్రగా కాలే రాడ్ కింద అది అంటుకుంటుంది. ఇంకొకటి, ఓవెన్ శుభ్రంగా ఉంటుందని దాని అడుగున ఫాయిల్ పరిచేస్తుంటారు కొందరు. వేడి దారి మూసేసినట్టవుతుంది, పైగా కరిగి అడుగుకి అతుక్కుపోవచ్చు. పరవాల్సింది ట్రేలోనే.

ప్రశ్న: ఆంటీ, నేను గదిలో ఉండి చదువుకుంటున్నా. ఓ చిన్న ఓటీజీ (ఓవెన్-టోస్టర్-గ్రిల్) ఉంది. వీడియోల్లో చెప్పినట్టే 220 పెడతా. పైన బొగ్గు, లోపల పచ్చి. నాలో లోపమా, ఓటీజీలోనా?
(మూడో సంవత్సరం విద్యార్థి)

జవాబు: ఓటీజీది, బాబూ. దాని పొట్ట చిన్నది. పై రాడ్ ముక్కకి మరీ దగ్గరగా ఉంటుంది, రాడ్ కాలినప్పుడల్లా స్కిన్ మీద నేరుగా నిప్పు చూపించినట్టే. ట్రే ఒక అర కిందికి దించు. పైదీ కిందదీ రెండు రాడ్లూ వెలిగే సెట్టింగ్ పెట్టు. 200కి తగ్గించి, ఐదారు నిమిషాలు ఎక్కువ ఉంచు. వేడెక్కడానికి పదిహేను నిమిషాలు వదిలెయ్. దీపం ఆరింది కదా అని వెంటనే పెట్టేయకు. గాలి వేడెక్కినా గోడలు ఇంకా వేడెక్కి ఉండవు, నువ్వు తలుపు తీయగానే ఉన్న వేడి కాస్తా బయటికొచ్చేస్తుంది.

చిన్న ఓటీజీల్లో మీట చూపించే అంకె ఒకటి, లోపలుండే వేడి ఇంకొకటి. నా పాతది 200 అన్నప్పుడు లోపల 230 ఉండేది. లోపల వేలాడదీసే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కో. అదీ లేకపోతే బ్రెడ్ పరీక్ష చెయ్. ట్రే నిండా బ్రెడ్ ముక్కలు పరిచి 180లో ఎనిమిది నిమిషాలు ఉంచి తియ్. ఏ మూల బ్రెడ్ నల్లబడిందో ఆ మూల నీ ఓటీజీ మండిపోతోందన్నమాట. పెద్ద ముక్క అక్కడ పెట్టు, లేదా సగం సమయానికి ట్రే ఒకసారి తిప్పు. చెల్లికి తిప్పొద్దన్నాను కదా, అది పెద్ద ఓవెన్ మాట.

నాలుగు ముక్కలకు మించి పెట్టకు. ఒక్కడివే కదా.

ప్రశ్న: నలభై నిమిషాలు ఉంచినా ఎముక దగ్గర గులాబీ రంగు కనబడింది. మా ఆవిడ పళ్లెం పక్కకి తోసి లేచిపోయింది. ఉడికినట్టా, ఉడకనట్టా?

జవాబు: రంగు చూసి చెప్పలేం తమ్ముడూ. మనం తినే కోళ్లు లేతవి, వాటి ఎముకలు పూర్తిగా గట్టిపడి ఉండవు. వేడికి ఎముక లోపలి మూలుగలోని రంగు బయటికి ఊరి పక్క మాంసానికి పడుతుంది. పూర్తిగా ఉడికిన ముక్కలోనూ ఇలా ఉంటుంది. రివర్స్‌లో, తెల్లగా కనబడుతూ లోపల చాలినంత వేడెక్కని ముక్కలూ ఉంటాయి. అందుకే కంటిని నమ్మొద్దనేది.

మాంసంలో గుచ్చే థర్మామీటర్ మా అమ్మాయి ఓ పుట్టినరోజుకి ఇచ్చింది. చీర ఇవ్వలేదేమిటని ఆ రోజు లోపల్లోపల గొణుక్కున్నాను. ఇప్పుడు ఇంట్లో మంటలొస్తే ముందు దాన్నే పట్టుకుని బయటికి పరిగెత్తుతాను. ముక్కలో బాగా మందంగా ఉన్నచోట గుచ్చాలి, మొన ఎముకకి తగలకూడదు. ఎముక దగ్గర అంకె తప్పు చూపిస్తుంది. 74 చూపిస్తే భయం లేదు. కానీ తొడ, కాలు ముక్కల్ని నేను 80 దాటి 85 దగ్గరికి వెళ్లనిస్తాను. వాటిలో ఉండే గట్టి పీచు ఆ వేడికి కరిగి జిగురవుతుంది, మాంసం ఎముక నుంచి తేలిగ్గా విడుతుంది. 74 దగ్గర తీస్తే తినడానికి భయం లేదు గానీ నమలాలి. ఒక ముక్కలో గుచ్చి తీసిన మొన సబ్బుతో కడిగాకే ఇంకో ముక్కలో గుచ్చండి.

ఈసారి అంకె ఆవిడకే చదవమని చూపించండి. మీ మాట కన్నా అంకె మాట వింటారు.

ప్రశ్న: రాత్రంతా పెరుగు, వెల్లుల్లి ముద్ద, తేనె కలిపి నానబెట్టాను. బేక్ చేస్తే పైన నల్లటి మచ్చలు, చేదు. ట్రే చుట్టూ మాడు. నేనేం తప్పు చేశాను?

జవాబు: మూడు తప్పులు ఒకే గిన్నెలో కలిపారు, అంతే. తేనెలో చక్కెర, పెరుగులో పాల చక్కెర, తడి వెల్లుల్లి మూడూ 220లో చికెన్ కన్నా చాలా ముందే మాడతాయి. ముక్కల మీద నుంచి కారి ట్రేలో పల్చగా పరుచుకున్నది ఇంకా ముందే మాడుతుంది. మీరు గీకింది దాన్నే.

నానబెట్టడం ఇష్టమైతే మానొద్దు. పెరుగు మాంసాన్ని మెత్తబరుస్తుంది, నిజమే. ఓవెన్‌లో పెట్టేముందు ముక్కకి అంటిన ముద్దంతా వేళ్లతో దులిపేయండి, పల్చటి పొర మిగిలితే చాలు. వేడి 200కి తగ్గించండి. వెల్లుల్లి ముద్ద స్కిన్ ఎత్తి దాని కిందికి తోసేయండి, అక్కడ మాడదు. తేనె ఆఖరి ఎనిమిది నిమిషాల్లో పూయండి.

నాకడిగితే రాత్రంతా నానబెట్టాల్సింది ఉప్పు ఒక్కటే. రేపు వండాలనుకుంటే ఇవాళ రాత్రే ముక్కలు తుడిచి, ఉప్పు చల్లి, ఫ్రిజ్‌లో కింది అరలో మూత లేకుండా ఉంచండి. ఉప్పు ముందు నీరు లాగుతుంది. ఆ నీటిలో కరిగి మళ్లీ లోపలికి ఇంకుతుంది. తెల్లారేసరికి స్కిన్ కాగితంలా ఎండి ఉంటుంది. అలాంటి స్కిన్ ఓవెన్‌లో కరకరలాడకపోతే నన్నడగండి.

ప్రశ్న: స్కిన్ మీద బేకింగ్ పౌడర్ పూస్తే కరకరలాడుతుందట, నిజమా?

జవాబు: నిజం. ఉప్పుతో కలిపి కిలోకి రెండు టీస్పూన్లు, పొడిగా. సోడా డబ్బా అనుకుని పొరబడొద్దు, సబ్బు నమిలినట్టుంటుంది.

ప్రశ్న: డాక్టరు స్కిన్ లేని బ్రెస్ట్ ముక్కలే తినమన్నారు. ఓవెన్‌లో పెడితే దూది నమిలినట్టుంది.

జవాబు: బ్రెస్ట్‌లో కొవ్వు చాలా తక్కువ, కరిగే పీచూ తక్కువే. తొడ ముక్క పది నిమిషాలు ఆలస్యమైనా క్షమిస్తుంది, ఇది ఐదు నిమిషాలకే అలిగిపోతుంది. ఒకవైపు లావుగా, తోక వైపు సన్నగా ఉండటం ఇంకో చిక్కు. లావు వైపు ఉడికేలోపు తోక చెక్కముక్క అవుతుంది. రెండు బేకింగ్ పేపర్ల మధ్య పెట్టి లావు వైపు మాత్రం చపాతీ కర్రతో నాలుగు దెబ్బలు వేయండి. అంతా రెండు సెంటీమీటర్ల మందానికి వస్తే చాలు. కింది కాగితం ట్రేలోకి వెళ్లిపోతుంది, పైది చెత్తబుట్టలోకి. తుడిచి, నూనె పట్టించి, ఉప్పు కారం చల్లి 220లో పదిహేనో నిమిషానికే థర్మామీటర్ గుచ్చండి. 74 చూపించగానే తీసేయండి. ఇంకో రెండు నిమిషాలు ఉంచుదామన్న కోరిక పుడుతుంది, దూది అక్కడే తయారవుతుంది.

ప్రశ్న: అదే ట్రేలో కూరగాయలు కూడా పెట్టేయొచ్చా? రెండో వంట తప్పుతుంది కదా.

జవాబు: పెట్టొచ్చు. తడి ఎక్కువున్నవి వద్దు. టమాటా, సొరకాయ, పుట్టగొడుగులు పెడితే చికెన్ మళ్లీ ఆవిరి స్నానం చేస్తుంది. బంగాళదుంప, క్యారెట్, ఉల్లిపాయ బాగుంటాయి. దుంపలు బొటనవేలు మొదటి కణుపంత ముక్కలు కోసి, తుడిచి, నూనె పట్టించి చికెన్‌తోపాటే పెట్టేయండి, రెండూ ఒకేసారి దిగుతాయి. చికెన్ కొవ్వంతా వాటికి పడుతుంది. మా ఇంట్లో చికెన్ కన్నా ఆ దుంపల కోసమే గొడవ. బ్రకోలీ లాంటివి ఆఖరి పదిహేను నిమిషాల్లో వేయాలి. ట్రే చాలకపోతే కూరగాయలు తగ్గించండి, సందులు మాత్రం పూడ్చొద్దు.

ప్రశ్న: బేక్ చేసినప్పుడల్లా వంటింట్లో పొగ. గాజు ట్రే వాడుతున్నాను.

జవాబు: పోయినసారి చిందిన కొవ్వు ఓవెన్ గోడలకీ రాడ్లకీ అంటి ఉంటుంది, ఈసారి వేడెక్కగానే పొగవుతుంది. ఓవెన్ గోరువెచ్చగా ఉన్నప్పుడే తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే ఈ బాధ ఉండదు. తలుపు అద్దం మీద గట్టిపడ్డ మరకకి బేకింగ్ సోడా, నీళ్లు ముద్దలా కలిపి పూసి, రాత్రంతా వదిలేసి పొద్దున తుడవండి. ట్రే అడుగున కరిగిన కొవ్వు పొగలేస్తుంటే చికెన్ కింద ఉల్లి చక్రాలు పరిస్తే ఆగుతుంది.

గాజు ట్రేతో జాగ్రత్త. ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు వేడి ఓవెన్‌లో పెట్టకండి, వేడి ట్రేలో చన్నీళ్లు పోయకండి. నేను పోశాను. నానితే తేలిగ్గా వస్తుంది కదా అనుకున్నాను. తుపాకీ పేలినట్టు ఒక్కటే చప్పుడు. మర్నాడు మధ్యాహ్నానికి కూడా ఫ్రిజ్ కింద గాజు పెంకులు దొరుకుతూనే ఉన్నాయి. అప్పట్నుంచి నాది ఇనప ట్రేనే.

ప్రశ్న: మిగిలిన ముక్కలు ఎన్ని రోజులు ఉంచొచ్చు?

జవాబు: వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మూడు, నాలుగు రోజుల్లో అయిపోవాలి. మళ్లీ వేడి చేసేటప్పుడు లోపల దాకా పొగలు రావాలి, మైక్రోవేవ్‌లో పెడితే స్కిన్ మెత్తబడుతుంది. 180 ఓవెన్‌లో పావుగంట పెడితే నయం.

ప్రశ్న: అన్నీ చెబుతారు గానీ, నిజం చెప్పండి. మీ ఇంట్లో ఆ ట్రే కడిగేదెవరు?
(పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: మా ఆయన. పదకొండేళ్లుగా ఒప్పందం: వండినవాళ్లు కడగరు. మొదట్లో నేను పది గిన్నెలు వాడేదాన్ని, ఆయన పల్లెత్తు మాట అనకుండా తోమేవారు. ఓ రోజు సింకు పక్కన బేకింగ్ పేపర్ చుట్ట ఒకటి కనబడింది, నేను కొన్నది కాదు. ఎవరు తెచ్చారని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు. మూడు గిన్నెల లెక్క అలా మొదలైంది. మొన్న మంగళవారం కాగితం చిరిగి కొవ్వంతా ట్రేలోకి కారింది. ఆ రోజు మాత్రం నేనే తోమాను.